పార్క్ కౌంటీ చెక్క వంతెనలు: ఎర్ర పలకల వెనక ఉన్న ట్రస్

బుధవారం: రాక్‌విల్, మెక్కా, ఫిలిప్స్

అమెరికాలో ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్ నుంచి యూఎస్ 36 రహదారి మీద పడమరకు 60 మైళ్లు వస్తే రాక్‌విల్. పార్క్ కౌంటీకి ఇదే కేంద్రం. ఊరి నడుమ కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వైపులా ఇటుక దుకాణాలు. అక్టోబరు రెండో శుక్రవారం మొదలయ్యే వంతెనల పండుగ కోసం కోర్టు పచ్చిక మీద అప్పటికే గుడారాలు వేస్తున్నారు. 1957లో మొదలైన పండుగ ఇది, పది రోజులు సాగుతుంది. వంతెనలు చూడాలనుకునేవాళ్లు పండుగకు ముందు రావాలి, తినాలనుకునేవాళ్లు పండుగలో రావాలి. రెండూ కావాలంటే బుధవారం దిగి శనివారం దాకా ఉండటమే దారి.

ఈ ఒక్క కౌంటీలో పైకప్పున్న చెక్క వంతెనలు 31 మిగిలాయి. ఇండియానాలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లు ఆకులు రంగు మారే కాలంలో ఇటొచ్చి, ఎర్ర వంతెన ముందు నాలుగు ఫొటోలు దిగి, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. అందులో తప్పేం లేదు గానీ, ఆ ఎర్ర పలకలు వంతెన కాదు. అవి వంతెనకు వేసిన తొడుగు. అసలు వంతెన లోపల నిలబడి ఉన్న ట్రస్, అంటే బరువు మోసే దూలాల చట్రం. అది చూడటానికి మంచి టార్చి ఒకటి చేతిలో ఉండాలి, ఒక్కో వంతెన దగ్గర అరగంట ఓపిక పట్టాలి.

పాత రైల్వే డిపోలో సందర్శకుల కేంద్రం ఉంది, అక్కడ మ్యాపు ఇస్తారు. దాని మీద ఎరుపు, నలుపు, గోధుమ, నీలం, పసుపు రంగుల్లో అయిదు దారులు గీసి ఉంటాయి. కాగితం మ్యాపు తప్పకుండా తీసుకోండి. వాగుల లోయల్లోకి దిగగానే ఫోన్ సిగ్నల్ పోతుంది, జీపీఎస్ దగ్గరి దారి పేరుతో కంకర రోడ్డు ఎక్కిస్తుంది. వాన పడిన మర్నాడు ఆ కంకర కొండ దిగుతుంటే బ్రేకు వేసిన చోట కారు ఆగదు.

మెక్కా వంతెన 1873 నాటిది, పొడవు 150 అడుగులు. కట్టింది జె.జె. డేనియల్స్. ఈ కౌంటీలో రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఒకటి జోసెఫ్ జె. డేనియల్స్ (1826–1916), రెండోది జోసెఫ్ ఎ. బ్రిటన్ (1838–1929). పేరు పలక చదవకుండానే ఎవరి వంతెనో దూరం నుంచి చెప్పొచ్చు. ముఖద్వారం పైభాగం గుండ్రంగా కమానులా తిరిగి ఉంటే డేనియల్స్‌ది. రెండు మూలలూ ఏటవాలుగా కోసి, పైన బల్లపరుపుగా వదిలేస్తే బ్రిటన్‌ది. చిన్న మినహాయింపులున్నా రోజంతా తిరగడానికి ఈ గుర్తు చాలు.

అక్కణ్నుంచి ఫిలిప్స్ వంతెనకు. 1909లో బ్రిటన్ కట్టాడు, పొడవు 43 అడుగులే. బస్సుల్లో వచ్చేవాళ్లు దీని దగ్గర ఆగరు. మొదట చూడాల్సింది మాత్రం ఇదే, ఎందుకంటే ఇది కింగ్ పోస్ట్ ట్రస్. ట్రస్‌లలో ఇంతకన్నా సాదాది లేదు. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

రెండు ఏటవాలు దూలాలు ఒడ్డుల నుంచి లేచి మధ్యలో పైన కలుస్తాయి. వాటి పాదాలు బయటికి జారిపోకుండా కింద ఒక పొడవాటి దూలం పట్టి ఉంచుతుంది. దీన్ని కింది కార్డ్ అంటారు. రెండు దూలాలు కలిసిన చోటు నుంచి మధ్యలో ఒక నిలువు చెక్క కిందికి వస్తుంది. మన ఊళ్లలో పూరింటి నిట్టాడు చూసినవాళ్లు ఇక్కడే పొరబడతారు. నిట్టాడు నేల మీద నిలబడి కప్పును మోస్తుంది. ఈ కింగ్ పోస్ట్ కింద ఏ ఆధారమూ లేదు, గాలిలో వేలాడుతోంది. పైన కలిసిన రెండు దూలాలకు అది వేలాడుతుంటే, దానికి నేల దూలం వేలాడుతుంది. అంటే పోస్ట్‌లో ఉన్నది లాగుడు, ఏటవాలు దూలాల్లో ఉన్నది నొక్కుడు. కార్డ్‌లోనూ లాగుడే. వంతెన మీద ఎద్దుబండి వెళ్లినా, పికప్ ట్రక్కు వెళ్లినా బరువు ఈ మూడు ముక్కల గుండానే ఒడ్డుకు చేరుతుంది.

సాయంత్రం వెలుతురు ఉంటే సిమ్ స్మిత్ వంతెన (1883) కూడా చూడొచ్చు. దయ్యాల వంతెనగా దానికి పేరుంది. దయ్యాల సంగతి ఎలా ఉన్నా, చీకట్లో కంకర రోడ్ల మీద జింకలు అడ్డొస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో వాటి జత కాలం కావడంతో పొద్దుగుంకే వేళ మరీ ఎక్కువ.

రాత్రి భోజనానికి ఊళ్లో దొరికేది టెండర్‌లాయిన్ శాండ్‌విచ్. పంది నడుం మాంసాన్ని చెక్క సుత్తితో పల్చగా కొట్టి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు. ముక్క బన్ను కన్నా రెట్టింపు వెడల్పుంటుంది. చుట్టూ వేలాడే అంచుల్ని ముందు చేత్తో విరిచి తినడం ఇక్కడి పద్ధతి. ఉల్లిపాయ, ఊరగాయ దోస ముక్కలు వేస్తారు. పూట గడవడానికి పది, పదిహేను డాలర్లు. కారం అలవాటైన నాలుకకు ఇది చప్పనే, ఓ పొట్లం కారప్పొడి వెంట ఉంటే మేలు.

గురువారం: వెస్ట్ యూనియన్, జాక్సన్, షుగర్ క్రీక్ ఒడ్డు

ఉత్తరం వైపు షుగర్ క్రీక్ వెంట ఉన్న వంతెనలకు ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి. యాత్ర అంతటిలో అసలు సరుకు ఇక్కడే ఉంది.

పొద్దున్నే వెస్ట్ యూనియన్. 1876, డేనియల్స్, రెండు స్పాన్‌లు (రెండు ఆధారాల మధ్య దూరం ఒక స్పాన్), చూరు కాకుండా 315 అడుగులు. కౌంటీలో పొడవైనది ఇదే. 2016లో దీనికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా వచ్చింది. వాహనాలకు పక్కనే వేరే వంతెన ఉంది కాబట్టి ఇక్కడ నడిరోడ్డు మీద నిలబడి తల పైకెత్తి చూసినా హారన్ కొట్టేవాళ్లు లేరు. దీని దగ్గరి రోడ్డు పేరు టో పాత్. వాబాష్–ఈరీ కాలువ ఇటుగా పోయినప్పుడు పడవల్ని లాగే గుర్రాలు ఒడ్డున నడిచిన బాట అది.

లోపలికి వెళ్లి పది అడుగులు నడిచి, ఒక పక్క గోడకు టార్చి వేయండి. ఫిలిప్స్ దగ్గర చూసిన కింగ్ పోస్ట్ ఇక్కడ వరుసగా చాలాసార్లు కనిపిస్తుంది. నిలువు పోస్ట్, ఏటవాలు బ్రేస్, మళ్లీ పోస్ట్, మళ్లీ బ్రేస్. ప్రతి బ్రేస్ పాదమూ ఒడ్డు వైపు, తల స్పాన్ మధ్య వైపు ఉంటుంది. స్పాన్ నడుమకు రాగానే వాలు దిశ మారుతుంది. వంతెన చీకటిగా ఉన్నా, బ్రేస్‌లు ఎటు వాలుతున్నాయో చూస్తే మీరు స్పాన్‌లో ఏ సగంలో ఉన్నారో తెలిసిపోతుంది. దీన్ని మల్టిపుల్ కింగ్ పోస్ట్ అంటారు.

ఈ ట్రస్‌కు రెండు పక్కలా అతుక్కుని, పోస్ట్‌లకు బోల్టులతో బిగించిన పెద్ద కమాను ఒకటి ఒడ్డు నుంచి లేచి మధ్యకు ఎక్కి మళ్లీ దిగుతుంది. అదే బర్ కమాను. థియోడర్ బర్ న్యూయార్క్ రాష్ట్రంలో వాటర్‌ఫర్డ్ దగ్గర హడ్సన్ నది మీద 1804లో ఇలాంటిది కట్టాడు, 1817లో పేటెంట్ తీసుకున్నాడు. కమాను ట్రస్‌ను మోస్తోందా, ట్రస్ కమానును వంగకుండా పట్టి ఉంచుతోందా అన్నది ఇంజినీర్ల పాత తగవు. చూసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కమాను పాదం ఎక్కడ ఆనిందో చూడండి. అది కింది కార్డ్ దగ్గర ఆగదు. పలకల నేలను దాటి ఇంకా కిందికి దిగి, ఒడ్డు రాతి గోడలో తొలిచిన గాడిలో కూర్చుంటుంది. కమాను తోపు నేరుగా రాతిలోకి పోతుంది కాబట్టి ఆ గోడ ఒక్క అంగుళం వెనక్కి జరిగినా కమాను పనిచేయడం మానేస్తుంది, బరువంతా ట్రస్ మీద పడుతుంది. వరద ఒడ్డు పునాదిని కోసేసిన చోట వంతెనలు కూలడానికి ఇదొక కారణం.

వడ్రంగి పనితనం తెలియాలంటే పోస్ట్ తలను చూడాలి. బ్రేస్ వచ్చి ఆనే చోట పోస్ట్‌లో గాడి తీసి భుజం వదిలారు. బ్రేస్ ఆ భుజాన్ని పైకి తోస్తుంటుంది. గాడికి పైన మిగిలిన చెక్క పొడవు తక్కువైతే ఆ భుజం నార వెంట చీలి ఊడిపోతుంది. అందుకే పోస్ట్ తలలు పైకార్డ్ (ట్రస్ పై అంచు వెంట పోయే దూలం) దాటి కొంచెం మిగిలి ఉంటాయి. ఆ పొడవు అలంకారం కోసం వదిలింది కాదు. పాత వంతెనల్లో నిలువునా పగులు కనిపించేది ఇక్కడే. పగులు మీద ఇనుప పట్టీ వేసి ఉంటే ఎప్పుడో బాగుచేశారని అర్థం.

తర్వాత కింది కార్డ్. ఇంత పొడవైన మాను ఏ అడవిలోనూ దొరకదు, కాబట్టి ముక్కలు అతకాలి. నొక్కుడు ఉన్న చోట అతుకు పెద్ద సమస్య కాదు, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. లాగుడున్న కార్డ్‌లో అతుకు విడిపోవాలనే చూస్తుంది. అందుకే కార్డ్‌ను రెండు వరుసల దూలాలతో చేసి, ఒక వరుసలో అతుకున్న చోట పక్క వరుసలో అతుకు రాకుండా జరుపుతారు. చెక్క వంతెన కుంగిపోతోందంటే పది సందర్భాల్లో తొమ్మిదిట్లో ఈ అతుకుల్నే ముందు అనుమానించాలి. పరీక్ష తేలిక. ముఖద్వారం దగ్గర కూర్చుని కార్డ్ అంచు వెంట కన్ను పెట్టి చివరిదాకా చూడండి. మధ్యలో కొంచెం పైకి ఉబ్బి ఉంటే ఆరోగ్యం. సమంగా ఉంటే వయసు. కిందికి కుంగితే జబ్బు.

వెస్ట్ యూనియన్ నుంచి జాక్సన్ వంతెనకు. 1861, ఇదీ డేనియల్స్‌దే. చూరు కాకుండా 191 అడుగులు, ఒకే స్పాన్. మధ్యలో రాతి స్తంభం లేదు. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన 1900లో ఇనుప గర్డర్లతో వచ్చినప్పుడు ఒక్కో స్పాన్ 150 అడుగులు. దానికి దాదాపు నలభై ఏళ్ల ముందు, ఈ వాగు మీద ఒక వడ్రంగి చెక్కతో అంతకన్నా 40 అడుగులు ఎక్కువ దాటించాడు. పోలిక పూర్తిగా న్యాయం కాదు. అక్కడ రైళ్లు నడవాలి, ఇక్కడ గడ్డిబండ్లు. అయినా ముఖద్వారంలో నిలబడి అవతలి ఒడ్డు వెలుతురు ఎంత చిన్నగా ఉందో చూస్తే ఆ అంకె బరువు తెలుస్తుంది. అంతర్యుద్ధం మొదలైన ఏడు కట్టిన దీనికి లింకన్ పేరు పెట్టమంటే, దక్షిణాది వైపు మొగ్గున్న డేనియల్స్ ఆండ్రూ జాక్సన్ పేరు పెట్టాడని ఇక్కడ చెప్పుకుంటారు.

జాక్సన్ మీద ఇప్పటికీ కార్లు వెళ్తాయి, కాబట్టి ఇక్కడి మర్యాద తెలుసుకోవాలి. వంతెన ఒక్క వరుసే. అవతలి వైపు నుంచి ముందు ఎవరు ఎక్కితే వాళ్లది హక్కు. ఎదురుచూసేటప్పుడు హారన్ కొట్టరు, లైట్లు కొట్టరు. దాటి వచ్చిన డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి చూపుడు వేలు ఒక్కటి లేపుతాడు. అది ఇక్కడి నమస్కారం, జవాబుగా మీరూ ఒక వేలు లేపాలి. లోపల నిలబడి ఫొటో తీస్తున్న వాళ్లని చూసి ఒక రైతు పికప్ ట్రక్కు ఆపి, ఇంజను కట్టేసి, వాళ్లు అయ్యేదాకా కూర్చున్నాడు. ముఖంలో విసుగు లేదు, నవ్వూ లేదు.

ముఖద్వారాల మీద చాలాచోట్ల ‘ఈ వంతెనను నడక మీద దాటండి’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. గుర్రాలకు చెప్పిన మాట అది. జోడు గుర్రాలు ఒకే అడుగులో దౌడు తీస్తే ఆ లయకు చెక్క ఊగుతుంది, బోల్టులు వదులవుతాయి. ఇప్పుడు ఆ మాట కార్లకూ వర్తిస్తుంది. నేల పలకలు అడ్డంగా, వాటి మీద చక్రాల దారికి పొడవు పలకలు ఉంటాయి. వేగంగా వెళ్తే అవి ఎగిరి మేకులు పైకి లేస్తాయి. సైకిళ్ల మీద వచ్చేవాళ్లు దిగి నడిపించుకోవాలి, పొడవు పలకల సందులో సన్నటి టైరు ఇరుక్కుంటుంది.

కిందికి దిగి అడుగు భాగం చూడాలనిపిస్తుంది, చూడాలి కూడా. కానీ ఒడ్డు భూమి చాలాచోట్ల ప్రైవేటుది. చెట్ల మొదళ్ల మీద ఊదా రంగు చార కనిపిస్తే లోపలికి రావద్దని అర్థం. ఇండియానాలో ఆ రంగు పూత బోర్డుతో సమానంగా చెల్లుతుంది.

కాక్స్ ఫోర్డ్ వంతెన కథ వేరు. 1913 మార్చి వరదల్లో ఇక్కడున్న ఇనుప వంతెన కొట్టుకుపోయింది. దాని స్థానంలో అదే ఏడు బ్రిటన్ 176 అడుగుల చెక్క వంతెన కట్టాడు. అదే వరదకు దెబ్బతిన్న ఆర్మీస్‌బర్గ్ వంతెన కమానుల్ని తెచ్చి దీనికి పెట్టాడు. ఇనుము పోయిన చోట చెక్క రావడం కాలానికి ఎదురీదడంలా కనిపిస్తుంది గానీ, కౌంటీ లెక్కలో అది సరైన బేరం. కలప ఉంది, పనివాళ్లున్నారు, వాడిన కమానులు ఉన్నాయి.

అక్కడికి దగ్గర్లోనే టర్కీ రన్ స్టేట్ పార్క్. ప్రవేశానికి రుసుము ఉంది, బయటి రాష్ట్రం నంబరు ప్లేటైతే కొంచెం ఎక్కువ. పార్కు పక్కన షుగర్ క్రీక్ ఇరుకైన చోట నేరోస్ వంతెన: 1882, బ్రిటన్, 121 అడుగులు. దీని మీద కార్లు పోవు, పక్కనే కాంక్రీటు వంతెన ఉంది. ఆ కాంక్రీటు వంతెన మీద నుంచే చెక్క వంతెన పక్క భాగం బాగా కనిపిస్తుంది. ఒడ్డు బండరాయే కాబట్టి కమానులకు ఇంతకన్నా నమ్మకమైన ఆసరా అక్కర్లేదు. డేనియల్స్, బ్రిటన్‌ల పనిని పక్కపక్కన పోల్చాలంటే పొద్దున జాక్సన్, సాయంత్రం నేరోస్ చూడటం సరైన వరుస.

శుక్రవారం: పోర్ట్‌లాండ్ మిల్స్, టాంజియర్

పండుగ మొదలయ్యే రోజు. రాక్‌విల్ కూడలిలో పొద్దున్నే కార్లు బారులు తీరాయి. జనం అంతా దక్షిణానికి పోతుంటే ఎదురు దిశలో గయాన్ వైపు వెళ్తే రోడ్డు ఖాళీ.

పోర్ట్‌లాండ్ మిల్స్ వంతెనను 1856లో హెన్రీ వోల్ఫ్ కట్టాడు. డేనియల్స్ ఈ కౌంటీలోకి రాకముందు సంగతి. వంతెనకు పేరిచ్చిన ఊరు ఇప్పుడు దాని దగ్గర లేదు. జలాశయం కట్టబోతుంటే 1961లో వంతెనను అక్కణ్నుంచి లేపి లిటిల్ రకూన్ క్రీక్ మీదికి తెచ్చారు. చెక్క ట్రస్‌కు ఉన్న సుగుణం ఇది. జిగురు లేదు, కాంక్రీటు లేదు. గాడి, మేకు, బోల్టు. విప్పి, అంకెలు వేసి, ఇంకోచోట నిలబెట్టొచ్చు.

ఇలా విప్పి చూసినప్పుడు ఎక్కువగా పుచ్చి కనిపించేది కార్డ్ చివరలు. ఎందుకంటే, టైర్లు మోసుకొచ్చిన మట్టి, కంకర ముఖద్వారం దగ్గర రాలిపోతుంది. అది కార్డ్ చివర రాతి మీద ఆనిన చోట పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. పావురాల రెట్ట దానికి తోడవుతుంది. మొత్తం వంతెన పొడిగా ఉన్నా ఆ రెండడుగులు ఏడాదంతా చెమ్మగా ఉంటాయి. పాత వడ్రంగులు ఇది తెలిసే కార్డ్‌కూ రాయికీ మధ్య అడ్డంగా ఒక దిమ్మె పెట్టేవారు. ముందు అది పుచ్చుతుంది, జాకీ పెట్టి లేపి మార్చేయొచ్చు. కార్డ్ పుచ్చితే ఆ వైద్యం అంత చవక కాదు. ఏటా ఆ మూలలు చీపురుతో ఊడ్చి కడగడం కన్నా ఈ వంతెనలకు చేయగలిగిన పెద్ద సేవ లేదు.

పైకప్పు, పక్క పలకలు ఎందుకని పిల్లలు అడుగుతారు. గుర్రాలు నీళ్లు చూసి బెదరకుండా అని, మంచు పడకుండా అని రకరకాల జవాబులు చెబుతారు. అసలు జవాబు అతుకులే. వాన నీరు గాడిలోకి దిగి ఆరకపోతే చెక్క కొన్నేళ్లలోనే పుచ్చడం మొదలవుతుంది. అదే చెక్క పొడిగా ఉంటే నూటయాభై ఏళ్లు దాటుతుంది. పైకప్పు రేకు ఒకటి లేచిపోయి రెండు వానాకాలాలు ఎవరూ చూడకపోతే, సరిగ్గా దాని కింద ఉన్న పోస్ట్‌కు పుచ్చు పడుతుంది.

మధ్యాహ్నం టాంజియర్. వాయవ్యాన ఉన్న చిన్న ఊరు, పండుగలో ఇక్కడి ప్రత్యేకత పూడ్చి వండిన గొడ్డు మాంసం. గొయ్యి తీసి, కట్టెలు కాల్చి నిప్పులు చేసి, చుట్టిన మాంసం పెట్టి, మట్టితో కప్పి రాత్రంతా వదిలేస్తారు. బన్నులో పెట్టి ఇస్తారు, దారాలు దారాలుగా విడిపోతుంది. వడ్డించేవాళ్లు ఊరి వాళ్లే, చాలామంది పెద్ద వయసు ఆడవాళ్లు. వచ్చింది ఇండియా నుంచి అని తెలిస్తే ఎంత దూరమో అడగరు, అక్కడ ఇలాంటి వంతెనలు ఉంటాయా అని అడుగుతారు.

శాకాహారులకు ఈ కౌంటీ కష్టం. బీన్స్ అంటే అందులో హామ్ ఉంటుంది, గ్రీన్ బీన్స్‌లో బేకన్ ఉంటుంది, ‘పై’ అనే వంటకం పిండిలో కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు. అడిగితే దాచకుండా చెప్పేస్తారు, అడగాల్సింది మనమే. నమ్మకంగా తినగలిగేవి ఉడికించిన మొక్కజొన్న కంకి, ఆపిల్ సైడర్ (ఆపిల్ రసం). పులిహోర కట్టుకొచ్చినవాళ్లదే తెలివి. పర్సిమన్ పుడ్డింగ్ మాత్రం వదలొద్దు. అడవి తునికి జాతి పండు గుజ్జుతో చేసే గోధుమ రంగు ముద్ద, బెల్లం పాకానికి దగ్గరి రుచి. గుడ్లు పడతాయి.

దారిలో ఆమిష్ వాళ్ల బగ్గీలు ఎదురవుతాయి. కార్లకు బదులు గుర్రపు బళ్లు వాడే క్రైస్తవ వర్గం వాళ్లది. 1990ల మొదట్లో పెన్సిల్వేనియా లాంకాస్టర్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. వాళ్ల ముఖాలకు కెమెరా పెట్టకూడదు. వెనక నెమ్మదిగా వెళ్లి, ఎదురు ఖాళీగా కనిపించాకే దాటాలి. గుట్ట ఎక్కేటప్పుడు అసలు ప్రయత్నించొద్దు. ఆదివారం వాళ్ల దుకాణాలు మూసి ఉంటాయి, కొనాలనుకున్నది శనివారంలోగా కొనుక్కోవాలి.

శనివారం: మాన్స్‌ఫీల్డ్, బ్రిడ్జ్‌టన్

పండుగ శనివారం మాన్స్‌ఫీల్డ్‌కు ఎనిమిదిలోపు చేరకపోతే స్టేట్ రోడ్ 59 మీద మైళ్ల కొద్దీ కార్ల వెనక నిలబడాలి. పార్కింగ్ పొలాల్లో, 5 నుంచి 10 డాలర్లు, నగదే తీసుకుంటారు. వాన పడితే పొలం బురద, ట్రాక్టరు పెట్టి లాగించుకోవాల్సి వస్తుంది, కాబట్టి రోడ్డుకు దగ్గరగా గట్టి నేల మీద దొరికే చోటుకు అయిదు డాలర్లు ఎక్కువైనా ఇచ్చేయండి.

మాన్స్‌ఫీల్డ్ వంతెన 1867 నాటిది, డేనియల్స్, రెండు స్పాన్‌లు, 247 అడుగులు, బిగ్ రకూన్ క్రీక్ మీద. పక్కన పాత రోలర్ మిల్లు. లోపల జనం భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. ఇంతమంది ఒకేసారి నిలబడ్డప్పుడు నేల మీద పడే బరువు ఒక కారు కన్నా చాలా ఎక్కువ, వంతెన అది తెలియనట్టే ఉంది. ఇక్కడ చూడాల్సింది మధ్య స్తంభం. రెండు స్పాన్‌ల కమానులూ దాని మీద రెండు వైపుల నుంచి ఆనుతాయి. ఒకదాని తోపును ఇంకొకటి రద్దు చేస్తుంది, స్తంభానికి మిగిలేది కిందికి పడే బరువే. అందుకే మధ్య స్తంభం ఒడ్డు గోడంత మందంగా ఉండక్కర్లేదు.

పది దాటితే తిరగడానికి చోటుండదు. బ్రిడ్జ్‌టన్‌కు పదకొండుకల్లా చేరాలి.

బ్రిడ్జ్‌టన్‌లో డేనియల్స్ 1868లో కట్టిన 245 అడుగుల వంతెనను 2005 ఏప్రిల్ 28 రాత్రి ఎవరో తగలబెట్టారు. అంతకు మూడేళ్ల ముందు, 2002 ఏప్రిల్‌లో, జెఫ్రీస్ ఫోర్డ్ వంతెన కూడా నిప్పుకే పోయింది. జెఫ్రీస్ ఫోర్డ్ తిరిగి రాలేదు. బ్రిడ్జ్‌టన్ వచ్చింది. ఊరివాళ్లు చందాలు పోగుచేసి, కలప తెచ్చి, 2006లో అదే చోట, అదే బర్ కమాను పద్ధతిలో మళ్లీ నిలబెట్టారు. వానకు అడ్డం పెట్టిన తొడుగే నిప్పుకు దారి అయింది. నాలుగు వైపులా మూసిన పొడి చెక్క, రెండు చివర్లా తెరిచిన ద్వారాలు, లోపల ఎప్పుడూ వీచే గాలి. ఒకసారి పైకప్పుకు అంటుకుంటే, గ్రామం స్వచ్ఛంద అగ్నిమాపక దళం వచ్చేలోపు చేయగలిగింది ఏమీ ఉండదు.

కొత్తది కాబట్టి ఇది లెక్కలోకి రాదనే పెద్దమనుషులు ఉన్నారు. ఆ వాదన నిలవదు. ఇక్కడ పోస్ట్ భుజాలు, కార్డ్ అతుకులు, కమాను గాడులు చూడండి. మసి, ధూళి లేని చెక్క కాబట్టి కోత గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పాత వంతెనల్లో టార్చి వేసి ఊహించుకోవాల్సింది ఇక్కడ పగటి వెలుతురులో చదవొచ్చు. వంతెనల గురించి ఏమీ తెలియని స్నేహితుడిని ఒక్క చోటికే తీసుకెళ్లాలంటే ఇక్కడికే తీసుకురావాలి.

ఆనకట్ట పక్కన మిల్లులో ఇప్పటికీ రాతి తిరుగళ్ల మీద మొక్కజొన్న విసురుతారు. బరక పిండి, సన్న పిండి, గ్రిట్స్ అని మూడు రకాలు. గ్రిట్స్ మన మొక్కజొన్న రవ్వే, ఉప్మాకు బాగుంటుంది, కొంచెం ఎక్కువ నీళ్లు పోయాలి. రాతి మీద విసిరిన పిండిలో మొలక భాగం కూడా ఉంటుంది, నూనె ఎక్కువ. వేసవిలో బయట పెడితే నెలలోపు కమురు వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి.

తిరుగు దారిలో క్యాట్లిన్ దగ్గర నీట్ వంతెన. 1904, 126 అడుగులు. డేనియల్స్ కట్టిన చివరిది. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. 1861 నాటి జాక్సన్‌కూ దీనికీ మధ్య 43 ఏళ్లున్నాయి, అయినా పోస్ట్, బ్రేస్, కమాను అమరిక అదే. అప్పటికి ఉక్కు ట్రస్‌లు దేశమంతా వచ్చేశాయి. పండుగ శనివారం కూడా ఇక్కడ ఇద్దరు చేపలు పట్టేవాళ్లు తప్ప ఎవరూ లేరు.

నీట్ నుంచి యూఎస్ 41 మీద దక్షిణానికి వెళ్తే టెర్రె హాట్, అక్కడ ఐ–70 ఎక్కొచ్చు. ఇల్లినాయ్ వైపు వెళ్లేవాళ్లు సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. అటునుంచి వచ్చేటప్పుడు ఆ గంట పోతుంది, మిల్లు మూసే వేళకు చేరాలనుకునేవాళ్లు అది లెక్కలో వేసుకుని బయల్దేరాలి.